గొర్రె నాకిన ఇటుకలు

మా మామ నోరు మూసుకుని నిలబడగా నేను రెండుసార్లే చూశాను. రెండుసార్లూ ఆయన ఎదురుగా ఉన్నది ఒకే గొర్రె. మిగతా జీవితమంతా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. గుట్ట మీద మందను అదిలిస్తే కింద చెరువులో బట్టలుతికేవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. ఇంట్లో మంచినీళ్ళు అడిగినా అదే గొంతు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నన్ను తిడుతున్నాడనుకుని వారం రోజులు ఏడ్చాను. మెచ్చుకోవడం కూడా అంతే గొంతుతో మెచ్చుకుంటాడని తర్వాత తెలిసింది.

మాది చిట్యాలకు నడిచి పోయేంత దూరంలో ఒక ఊరు. అటు నాగార్జునసాగర్ పని జోరుగా నడుస్తున్న రోజులవి. మాకు గొర్రెల మంద, దానికి తోడు కొంచెం మెట్ట చెలక. ఇంట్లో మేం నలుగురం. మామ, అత్తమ్మ, మా ఆయన, నేను. నేను ఏడో తరగతి దాకా చదివిన కోడలినని మామ ఊరంతా చాటింపు వేశాడు. ఆ చదువు గొర్రెలు కాసేవాళ్ళింట్లో ఎందుకు పనికొచ్చిందని అడక్కండి. నోరు మాత్రం బాగా పనికొచ్చింది.

ఇల్లు మట్టి గోడలది. నేను కాపురానికి వచ్చిన ఏడాదే శ్రావణంలో మూడు రోజులు విడవకుండా ముసురు పట్టింది. నేను పడుకునే మూల కురుస్తుంటే అత్తమ్మ నన్ను లేపి తన జాగాలోకి పొమ్మంది. తను నా చాప మీద ఒక పక్కకు ముడుచుకుంది. "నాకు అలవాటే బిడ్డా, నువ్వు పండు" అంది. తెల్లవారుతుండగా ఆ మూల గోడ కూలింది. నా జాగాలో పడుకున్న మనిషి మీద కూలింది.

ముగ్గురం చేతులతోనే ఆ మట్టిని లాగేశాం. బండిలో సడక్ దాకా, అక్కణ్ణుంచి బస్సులో నల్గొండ దవాఖానకు తీసుకుపోయాం. కాలు వంకరగా అతుక్కుంది కానీ నడక వచ్చింది. ఆమెకు పోయింది నిద్ర. మబ్బు పట్టిందంటే చాలు, గొంగడి తీసుకుని బయటికి వచ్చేసేది. వాకిట్లో ఎడ్లబండి కింద కూర్చుని తడిసేది. కూలిన గోడను మళ్ళీ మెత్తి నిలబెట్టినా ఆమె దాన్ని నమ్మలేదు. మా ప్రాంతంలో వాన పడితే మొక్కు తీరినంత సంబరం. ఊరంతా ఆకాశం వైపు చేతులు జోడిస్తుంటే మా అత్తమ్మ మాత్రం బండి కింద వణుకుతూ గోడ వైపే చూస్తుండేది.

"లోపలికి రా అత్తమ్మా" అని బతిమాలేదాన్ని.

"నువ్వు పో బిడ్డా. నాకు లోపల ఊపిరాడ్తలేదు."

ఆ చలికాలమంతా దగ్గింది. ఒళ్ళు సగమైపోయింది. ఇంకో వానకాలం ఇట్లాగే బండి కింద గడిపితే ఈ మనిషి మాకు దక్కదని నాకు అర్థమైంది. అది నా జాగాలో పడుకున్నందుకు వచ్చిన బాధ. అన్నం తింటుంటే గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు.

మామకూ ఆ భయమే ఉంది. ఆయన భయం కూడా గొంతు చించుకునే బయటపడింది. "ఇటుకల ఇల్లు కడ్త! మిరుగం వానలొచ్చేసరికి కడ్త! నీళ్ళు కాదుగదా, పిడుగు వడ్డా కదలని గోడ కడ్త!" అని వాకిట్లో నిలబడి ప్రకటించాడు. వినడానికి వాకిట్లో నేనూ రెండు కోళ్ళూ ఉన్నాం.

చిట్యాల పక్కన ఇటుకల బట్టీ పెట్టుకున్న ఒకాయన ఉండేవాడు. నల్లగా, సన్నగా, ఎప్పుడూ కనుబొమ్మల మీద బూడిదతో ఉండేవాడు. ఆయన్ని పిలిపించి మామ తన చెలక చూపించాడు. వాగు ఒడ్డున ఒండ్రు కలిసిన మన్ను. మూడు ఎండాకాలాలు మా మంద అక్కడే పడుకుంది. గొర్రెల మంద పడుకుని ఎరువు పడిన పొలమంటే మా వైపు రైతులు కళ్ళకద్దుకుంటారు. మంద పెట్టించుకోవడానికి ఇంటికి వచ్చి అడుగుతారు. ఆ చెలకలో జొన్న మనిషి మునిగేంత ఎత్తు పెరిగేది.

బట్టీ ఆయన గుప్పెడు మన్ను తీసి వాసన చూశాడు. "మామా, గిది పంటకు మంచి మన్ను. ఇటుకకు గాదు. చెరువు మన్ను దెచ్చుకో" అన్నాడు.

ఇంకేముంది! "పంటకు మంచిదైంది ఇంటికెట్ల చెడ్డదైతది? నా గొర్లు మూడేండ్లు పండుకున్న మన్ను ఇది. దీనంత బలమైన మన్ను ఈ జిల్లాల ఉంటే సూపెట్టు!" అని మామ ఆయన్ని చెలక గెట్టు దాటేదాకా తరిమాడు. నేను పక్కన నిలబడి తలూపాను. నిజం చెప్పాలి కదా, నాకూ మామ చెప్పిందే సబబుగా అనిపించింది. అంత జొన్న పండిన మన్ను ఇటుకకు పనికిరాదంటే ఎవరు నమ్ముతారు? నా ఏడో తరగతి కూడా మామ పక్కనే నిలబడింది.

మన్ను తవ్వి, నానబెట్టి, ఊక కలిపి తొక్కాం. మా ఆయనా నేనూ మోకాళ్ళ దాకా బురదలో దిగి రోజంతా తొక్కేవాళ్ళం. పెళ్ళయ్యాక మేమిద్దరం అంతసేపు ఒకచోట ఉన్నది ఆ గుంటలోనే. ఆయన నా చీర కుచ్చిళ్ళ మీద బురద చిమ్మేవాడు, నేను తిట్టేదాన్ని, మామ దూరం నుంచి "తొక్కుండ్రి, ముచ్చట్లు తర్వాత!" అని అరిచేవాడు. అత్తమ్మ వంకర కాలు చాపుకుని నీడలో కూర్చుని చెక్క అచ్చులో మన్ను కొట్టి ఇటుకలు తీసేది. ఆమె తీసిన ఇటుకకు నాలుగు మూలలూ తీరుగా వచ్చేవి. ఒక్కో ఇటుక తీసి అరచేత్తో నిమిరేది.

ఎండిన ఇటుకలు పేర్చి, మధ్యలో కట్టెలు, ఊక పెట్టి, చుట్టూ మన్ను మెత్తి నిప్పంటించాం. వారం దాకా పొగ వచ్చింది. చల్లారాక విప్పితే, అబ్బ, ఏం ఎరుపు! కుంకుమ పూసినట్టున్నాయి. మామ రెండు ఇటుకలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టాడు. ఖంగుమంది. ఆ రోజు నుంచి దారిన పోయే ప్రతి మనిషినీ ఆపి ఇటుకలు కొట్టి వినిపించడమే ఆయన పని. "ఇన్నవా? కంచు!" అనేవాడు. వినకపోతే మళ్ళీ కొట్టేవాడు. ఊళ్ళో జనం మా ఇంటి ముందు నుంచి పోవడం మానేసి వెనక దారి పట్టారు.

అత్తమ్మ మాత్రం "వినవడ్తాంది గని, జర ఆగుదాం" అంది. అంతే.

రెండు రోజుల తర్వాత సాయంత్రం మంద ఇంటికి వచ్చింది. మందలో ముందు నడిచే బొల్లి గొర్రె ఒకటుండేది. మెడలో గంట, ముఖాన తెల్ల మచ్చ, గుణం అచ్చం మామ గుణమే. అది దొడ్డి వైపు పోకుండా నేరుగా ఇటుకల కుప్ప దగ్గరికి పోయింది. వాసన చూసింది. నాలుక చాపి ఒక ఇటుకను నాకింది. మళ్ళీ నాకింది. దాని వెనక మిగిలినవన్నీ వచ్చి కుప్ప చుట్టూ చేరి ఇటుకలు నాకడం మొదలుపెట్టాయి.

మామ ఆనందానికి హద్దు లేదు. "సూడుండ్రి! నా గొర్లు గూడ తమ మన్నును గుర్తువట్టినయి! మనుషులకన్న నయం!" అని మీసం మెలేశాడు.

అత్తమ్మ ముఖం మారింది. పుట్టినప్పటి నుంచి ఆ చేతులతో గొర్రెలకు ఉప్పు పెట్టిన మనిషి ఆమె. గొర్రె దేన్ని చూసి అట్లా నాలుక చాపుతుందో ఆమెకు ఒకరు చెప్పాలా? కుంటుకుంటూ కుప్ప దగ్గరికి పోయి, బొల్లి గొర్రెను మోకాలితో పక్కకు నెట్టి, ఆ ఇటుకనే తీసి తన నాలుకకు ఆనించుకుంది. పక్కకు ఉమ్మేసింది.

"ఉప్పు" అంది.

"ఉప్పేందే! మన్నుల ఉప్పెక్కడిది?" అన్నాడు మామ.

"మూడేండ్లు మంద వండుకున్న జాగా. ఉచ్చ ఎటు వోయిందనుకున్నవు?"

రెండు ఇటుకలు తీసుకుపోయి గొర్రెలు తాగే తొట్టి నీళ్ళలో వేసింది. మర్నాడు తీసి ఎండలో పెట్టింది. ఎండినకొద్దీ వాటి మీద తెల్లగా పిండిలాంటిది పొంగుకొచ్చింది. మళ్ళీ నీళ్ళలో వేసింది, మళ్ళీ ఎండబెట్టింది. నాలుగోసారికి ఇటుకను చేతిలోకి తీసుకుని బొటనవేలితో మూలను నొక్కితే తడిసిన జొన్నరొట్టెలా ఊడి చేతిలోకి వచ్చింది. ఖంగుమన్న ఇటుక! కంచు!

మామ అరుస్తాడేమో, ఇటుక విసిరేస్తాడేమో అనుకున్నాం. ఏమీ లేదు. కుప్ప దగ్గర నిలబడ్డాడు. బొల్లి గొర్రె ఇంకా నాకుతూనే ఉంది. దాన్ని చూస్తూ, నోటి వెంట ఒక్క మాట లేకుండా, ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా అట్లాగే నిలబడిపోయాడు. ఎప్పుడూ మోగే ఇల్లు మూగబోతే నాకు చెడ్డ భయమేసింది.

అత్తమ్మ దగ్గరికి పోయి అంది. "నీ మీద కోపం లేదు నాకు. నువ్వు నా కోసం జేసినవు, ఎరుకే. గని గీ గోడ కింద నేను పండుకోను."

మిరుగం కార్తెకు రెండు నెలలు కూడా లేవు. ఆ పూట అన్నాల దగ్గర మా ఆయన మెల్లగా ఒక మాట అన్నాడు. "బాపూ, గవే ఇటుకలు వెట్టి పైన సున్నం పూసి గిలాబు జేద్దాం. ఎవలికి తెలుస్తది?"

ఆయన మంచివాడే, అలిసిపోయి అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. కసురుదామని నోరు తెరిచేలోపు మామే జవాబు చెప్పాడు. నేను ఎన్నడూ వినని మెత్తటి గొంతుతో చెప్పాడు.

"మీ అమ్మకు తెలుస్తది రా."

మర్నాడే బండి కట్టాడు. మామ, అత్తమ్మ, నేను బండెక్కాం. ఎక్కాక చూస్తే బండి వెనకాల బొల్లి గొర్రె కట్టేసి ఉంది. "ఇదెందుకు మామా?" అన్నాను. "పని ఉన్నది" అన్నాడు.

బట్టీ ఆయన మమ్మల్ని దూరం నుంచే గుర్తుపట్టి మొహం తిప్పుకున్నాడు. గెట్టు దాటేదాకా తరిమిన మనిషిని ఎవరు మర్చిపోతారు? మామ తలపాగా తీసి చేత్తో పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాడు. "నువ్వు జెప్పింది నిజం. నాది తప్పయింది. నా పెండ్లాం పండుకునే గోడకు ఇటుకలు గావాలె. మంచివి జూసి ఏరుకుంట" అన్నాడు. మామ నోట తప్పయిందన్న మాట! అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

బట్టీ ఆయన కూడా మెత్తబడ్డాడు. "ఏరుకోండ్రి మామా" అని కుప్పలు చూపించాడు. అప్పుడు మామ గొర్రెను విప్పి కుప్ప దగ్గరికి నడిపించాడు.

"ఓ మామా! ఇటుకలు కొనొచ్చినవా, మేపనొచ్చినవా?" అని బట్టీ ఆయన నడుం పట్టుకుని నవ్వాడు. కూలివాళ్ళందరూ పని ఆపేసి వచ్చి చుట్టూ నిలబడ్డారు. మామ ఎవరినీ పట్టించుకోలేదు. బొల్లి గొర్రె మొదటి కుప్ప వాసన చూసి ఊరుకుంది. రెండో కుప్ప దగ్గర నాలుక చాపింది. "ఇది వద్దు" అన్నాడు మామ. బట్టీ ఆయన నవ్వు ఆగింది. ఆ కుప్ప మన్ను ఎక్కడిదని కూలివాళ్ళను అడిగాడు. పాత పశువుల దొడ్డి పక్కన తవ్వినదని తేలింది. ఆ తర్వాత బట్టీ ఆయనే తలపాగా సర్దుకుని "మేస్త్రీ గారూ, ఇటు రాండ్రి" అని గొర్రెను మూడో కుప్ప దగ్గరికి పిలిచాడు.

గొర్రె నాకని కుప్పల్లోంచి ఒక్కో ఇటుకా ఏరే పని మాది. అత్తమ్మ సంతలో కుండలు కొన్నట్టే వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేది. బద్దుమని మోగితే లోపల కాలలేదని అర్థం. నేను గోరుతో గీసేదాన్ని. గీత పడితే పక్కన పెట్టేసేదాన్ని. అనుమానమున్న దాన్ని బకెట్ నీళ్ళలో ముంచి చూసేవాళ్ళం. గటగటా బుడగలు వదులుతూ నీళ్ళు తాగేదైతే పనికిరాదు. తెల్లటి సున్నపు గులక కనిపిస్తే బట్టీ ఆయనే తీసి పారేశాడు. "ఇది తడిస్తె ఉబ్బుతది, ఇటుకను పగలగొడ్తది. నేనే జెప్తన్న, వద్దు" అన్నాడు. మూడు రోజులు పోయి ఏరాం. నా గోళ్ళు అరిగిపోయాయి. అత్తమ్మ వేలి కణుపులు వాచిపోయాయి. అయినా ఒక్క ఇటుకనూ చూడకుండా బండెక్కించనివ్వలేదు. బదులుగా మామ కొన్ని గొర్రెలు ఇచ్చాడు. బట్టీ ఆయన బొల్లి గొర్రెను కూడా అడిగి చూశాడు. "దాన్ని మాత్రం ఇయ్య. గావాలంటె నన్నడుగు, నేనొస్త" అన్నాడు మామ.

మంచి మేస్త్రీలంతా సాగర్ పనికి పోయారు. మాకు దొరికింది ఒక ముసలి మేస్త్రీ. ఆయన చేతులు వణికేవి కానీ గోడ మాత్రం వంకర పోలేదు. ప్రతి ఇటుకనూ నీళ్ళలో నానబెట్టి నేనే అందించాను. మేం చేసిన ఉప్పు ఇటుకలు దొడ్డి మూలన కుప్పగా ఉండిపోయాయి. గొర్రెలు చాలా ఏళ్ళు వాటిని నాకాయి. మామ శ్రమ వృథా కాలేదని నేను అంటే, "నీ నోరు వడిపోను" అని అత్తమ్మ నవ్వేది.

కప్పు వేసిన పది రోజులకే మిరుగం వాన వచ్చింది. మధ్యాహ్నం అన్నాలు తిని లేచేసరికి పడమట నల్లగా కమ్ముకుంది. అత్తమ్మ చెయ్యి దానంతట అదే గొంగడి మీదికి పోయింది. గడప దగ్గర నిలబడింది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. చినుకులు మొదలయ్యాయి. ఇన్ని చేసీ ఈమె మళ్ళీ బండి కిందికే పోతే ఇక చేయగలిగింది ఏమీ లేదు.

మామ చాప తెచ్చి, సరిగ్గా గోడను ఆనించి పరిచి, దాని మీద వెల్లకిలా పడుకున్నాడు.

"ముందు నేను పండుకుంట. వడ్తె నా మీదనే వడ్తది" అన్నాడు.

వాన దంచి కొట్టడం మొదలుపెట్టింది. అత్తమ్మ గడప దగ్గరే నిలబడి ఆయన్ని చూసింది, గోడను చూసింది, నన్ను చూసింది. ఎంతసేపు చూసిందో నాకు తెలియదు. తర్వాత గొంగడి మేకుకు తగిలించి వచ్చింది.

"లే. గది నా జాగా" అంది.

ఆయన లేచాడు. ఆమె చాప మీద పక్కకు తిరిగి పడుకుంది. వేలి కణుపుతో గోడ మీద రెండుసార్లు కొట్టి విన్నది. చెయ్యి గోడకే ఆనించి ఉంచింది. కాసేపటికి ఆ చెయ్యి జారి చాప మీద పడింది. భయపడి దగ్గరికి వంగి చూశాను. గురక పెడుతోంది. పది నెలల తర్వాత వాన పడుతుంటే ఇంట్లో నిద్రపోయిన మనిషి గురక అది. నేను తలుపు వెనక నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. సంతోషానికే ఏడ్చాను, సిగ్గేముంది?

అంతలో బయట గంట వినిపించింది. వానకు బెదిరి మంద ముందే ఇల్లు చేరుతోంది. మా ఆయన ఇంకా వెనకాల ఎక్కడో ఉన్నాడు. బొల్లి గొర్రె ఎప్పటిలాగే అరుచుకుంటూ వాకిట్లోకి వస్తోంది, దాని వెనక మందంతా. మామ ఒక్క ఉదుటున బయటికి పోయాడు. అదిలిస్తే అత్తమ్మ లేస్తుంది. గుట్ట కింది దాకా వినిపించే గొంతున్న మనిషి నోరు గట్టిగా మూసుకుని, వాకిట్లో రెండు చేతులూ చాపి మందకు అడ్డంగా నిలబడ్డాడు. బొల్లి గొర్రె దగ్గరికి రాగానే ఒక చెయ్యి దించి దాని మూతి పట్టుకున్నాడు. నేను గొంగడి అందిస్తానని సైగ చేస్తే వద్దని తలూపాడు. వాన వెలిసి, అత్తమ్మ నిద్ర లేచి, "వీళ్ళంత ఏరీ" అని పిలిచేదాకా ఆయన అక్కణ్ణుంచి కదలలేదు.